తెల్లకొవ్వు కోడె

రోవీనా హాస్కెల్ గడ్డకట్టిన మాంసం పొట్లం చంకలో పెట్టుకుని వచ్చేసరికి, ఆగ్నెస్ వ్రానా తన ఆఫీసులో బల్ల కింద ఉప్పునీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. మనిషి వచ్చిందని కాళ్ళు తియ్యలేదు. నెబ్రాస్కా ఇసుక కొండల్లో కెస్లర్ లాంటి చిన్న ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్‌కి వచ్చే కేసులన్నీ పక్కకి జరిపేసిన కంచెలు, తప్పిపోయిన గుర్రాలు, అలిగి వెళ్ళిపోయిన మొగుళ్ళు. అంతకుముందు షెరీఫ్ కింద పనిచేసినన్నాళ్ళూ అవే చూసింది. చూసి చూసి అలిసిపోయింది. ఆమె అసిస్టెంటు వెండెల్‌కి మాత్రం ఆమె అలిసిపోయిన కళ్ళతో చూసేదాంట్లో సగం కూడా తన చురుకైన కళ్ళకి కనపడదని గట్టి నమ్మకం.

రోవీనా పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. ఎర్రటి మాంసం, అంచున వేలెడు మందాన తెల్లటి కొవ్వు.

"ఇది నా కోడె కాదండీ" అంది. గొంతులో ఏడుపు లేదు, ఏడ్చేసి వచ్చిన మనిషి గొంతు అది. "నా పశువులు పుట్టిన దగ్గర్నుంచి గడ్డి తప్ప ఇంకోటి ముట్టవు. వాటి కొవ్వు వెన్నలా పసుప్పచ్చగా ఉంటుంది. ఏటా కొనేవాళ్ళకి తెలీదా? ఈ తెలుపు మొక్కజొన్న మేపిన దాని తెలుపు."

ఆ ఊళ్ళో పద్ధతి అందరికీ తెలిసిందే. నలుగురు కలిసి ఒక కోడెని బతికుండగానే మాట్లాడుకుంటారు. దుకాణాల్లో ముక్కలు కొనడం కంటే చవక, పైగా ఏం తిని పెరిగిందో కళ్ళారా చూసుకోవచ్చు. దాన్ని గస్ లిండెల్ కోత కొట్టుకి తోలుతారు. ఆయన కోసి, చలిగదిలో వేలాడదీసి, రెండు వారాలు మాగనిచ్చి, ముక్కలు చేసి తెల్లకాగితంలో చుట్టిస్తాడు. తలా ఒక పావు. ఇంటికో పెద్ద ఫ్రీజరు, ఏడాదికి సరిపడా కూర.

"ఊరంతా నన్ను దొంగని చేసింది" అంది రోవీనా. "మొక్కజొన్న మేపి గడ్డి పేరు చెప్పి అంటగట్టిందట. వచ్చే ఏడాదికి చెప్పుకున్నవాళ్ళంతా వద్దనేశారు. ఇదే మాట నిలబడిపోతే శనివారం మంద మొత్తం వేలానికి తోలాలి. మా ఆయన కార్ల్ పోయాక రెండేళ్ళు ఒంటి చేత్తో లాక్కొచ్చా. మంద పోయాక ఖాళీ భూమి పెట్టుకుని ఏం చేస్తాను? అది ట్రావిస్ బోమన్‌కే పోతుంది. మా వాగు పక్క మైదానం మీద వాడి కన్ను ఎప్పట్నుంచో ఉంది. వాడు మొక్కజొన్న మేపేవాడే."

"గస్‌ని అడిగావా?"

"మొదట ఆయన దగ్గరికే పరిగెత్తా. చర్మం ఒలిచింది నువ్వే కదా, దాని కొవ్వు చూసింది నువ్వే కదా, వాళ్ళతో ఒక్క మాట చెప్పు గస్ అన్నా." రోవీనా పొట్లం కాగితం మళ్ళీ మూసేసింది. "'ఎన్నో వస్తుంటాయి, పోతుంటాయి, గుర్తులేదమ్మా' అన్నాడు."

ఆగ్నెస్ బకెట్‌లోంచి కాళ్ళు తీసి తుడుచుకుంది. "పద వెండెల్" అంది.

* * *

మొదట వెళ్ళింది డ్వేన్ కోప్కే ఇంటికి. బడి ఫుట్‌బాల్ కోచ్, ఊళ్ళో ఎక్కువ అరుస్తున్నది ఆయనే. గరాజ్‌లో ఫ్రీజరు మీద కూర్చుని మాట్లాడాడు. కుర్చీ ఉన్నా అక్కడే కూర్చున్నాడు.

"మోసమండీ! పచ్చి మోసం! మా ఆవిడ గడ్డి మేసిందైతేనే ముట్టుకుంటుంది. ముసలి డాక్టరు ఏదో చెప్పాడు లెండి. ఇప్పుడు దీన్నంతా నేనొక్కణ్ణే తినాలి."

"ఆ ఫ్రీజరు మీదే కూర్చున్నారేంటి?" అంది ఆగ్నెస్.

"లేస్తే మూత లేస్తుంది. ఏటా ఇదే ఫ్రీజరు, ఇదే పావు వాటా. ఈసారి పట్టి చావలేదు."

"కొట్టు దగ్గర బండిలో ఎక్కించుకునేటప్పుడు గమనించలేదా?"

"ఎక్కించుకునే పనే పడలేదండీ. గస్సే పెట్టెలు తెచ్చి ఇక్కడ దింపి పోయాడు. ఆ వయసులో, పాపం. నలుగురి ఇళ్ళకీ తనే తిప్పాడట."

బయటికొచ్చాక వెండెల్ ఆగలేకపోయాడు. "బోమనే మేడమ్! రాత్రిపూట చలిగదిలో తన కోడెని తగిలించి, ఈవిడ కోడెని దించేసుంటాడు. భూమి కోసం."

"అడుగుదాం పద" అంది ఆగ్నెస్. ఆమె మెచ్చుకుందో విసుక్కుందో వెండెల్‌కి తేలలేదు.

ట్రావిస్ బోమన్ తన పశువుల దొడ్డి గేటు మీద మోచేతులు ఆనించి విన్నాడు. వెనకాల కొండంత కోడెలు తొట్టెల్లో మొక్కజొన్న నములుతున్నాయి.

"ఆవిడ భూమి నాకు కావాలి" అన్నాడు. "మొహం మీదే అడిగా. ఆవిడ మొహం మీదే పొమ్మంది. అక్కడికి చెల్లు. అంతేగానీ, ఆవిడ బక్క కోడెని దించి నా బలిసిన కోడెని ఆ పేరు మీద ఊరికి పంచిపెడతానా? నాకేమన్నా పిచ్చా? వాటిని చూడండి, ఆ బరువు చూడండి! దానం చెయ్యాలనుకుంటే చర్చికి చేస్తా, పేరన్నా వస్తుంది."

తిరిగొస్తూ ఆగ్నెస్, "వాడు నోటి దురుసు మనిషే. కానీ వాడన్నది నిజం" అంది.

* * *

గస్ లిండెల్ కొట్టు ఎప్పటిలానే కడిగిన సిమెంటు, రంపపు పొడి వాసనతో ఉంది. వాసనలో ఈసారి బ్లీచింగ్ ఘాటు కొంచెం ఎక్కువ. గస్ భారీ మనిషి, చేతులు ఇంకా పెద్దవి. ఆగ్నెస్‌ని చూడగానే మొహం వెలిగింది.

"ఆగ్నెస్ అమ్మాయ్! మీ నాన్న తోలుకొచ్చిన ఎర్ర పెయ్య జ్ఞాపకం ఉందా? ఎడమ కొమ్ము వంకర. లారీ దిగనని మొండికేస్తే, నువ్వు ఇంతున్నావు, దాని తోక పట్టుకుని ఏడ్చావు. కోస్తే లోపల ఒక మూత్రపిండమే ఉంది. ఇన్నేళ్ళలో అలాంటిది మళ్ళీ చూళ్ళేదు."

"నాకు కొమ్ము మాత్రమే గుర్తుంది" అంది ఆగ్నెస్. నవ్వింది కూడా. వెండెల్ ఆ పెద్దాయన జ్ఞాపకశక్తికి నోరు తెరిచాడు.

రోవీనా కోడె మాట ఎత్తగానే ఆ వెలుగు ఆరిపోయింది. గుర్తులేదన్నాడు. చలిగది తాళం చెవి తనదగ్గరే ఉంటుందన్నాడు. బయటివాళ్ళెవరూ జొరబడలేదన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ పురికొస చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

చలిగది గోడకి కొత్త యంత్రం మెత్తగా మూలుగుతోంది.

"మార్చినట్టున్నావే?"

"ఏప్రిల్‌లో మార్చా. పాతది అరిగిపోయింది."

ఆగ్నెస్ వెనక తలుపు గుండా బయటికి వచ్చింది. పెరట్లో పాత యంత్రం తుప్పు పట్టి పడి ఉంది. మోకాలు నొప్పిగా ఉందని దాని మీద కాసేపు కూర్చుంది. లేచి, బూటుతో ఒక పక్కకి నెట్టి, కింద చూసింది. గడ్డి అణిగిపోయి పాలిపోయి ఉంది. అంతే. వెండెల్ కూడా వంగి చూశాడు, గడ్డి తప్ప ఏమీ కనపడలేదు.

"ఆగస్టు చివర్లో ఎండలు మండిపోయాయి కదూ?" అందామె.

"కోళ్ళు రాలిపోయాయి మేడమ్."

ఆఖరున వెళ్ళింది ఇమెల్డా రెయెస్ దగ్గరికి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేస్తుంది. ఆ కోడెలో నాలుగో వాటా ఆవిడది. మిగతా ముగ్గురూ వద్దన్న తోక, నాలుక, కాలేయం కూడా ఆవిడే తీసుకుంటుంది. అందుకు ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు. తలకాయ కూర రుచి తెలియని వాళ్ళని చూసి జాలిపడాలి గానీ కోప్పడకూడదు.

"మీ మాంసం కూడా తెల్లకొవ్వేనా?" అని ఆగ్నెస్ అడిగింది.

"పెట్టెలు ఇంకా విప్పలేదండీ. డ్యూటీ నుంచొచ్చి పడుకోవడమే సరిపోతోంది. తోకే వండుకున్నా. వేరుశనగ ముద్ద వేసి పులుసు చేశా. మీద బంగారంలా తేలింది కొవ్వు, ఏటాలాగే."

"ఆ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"తోక గురించి నన్నెవరడిగారు?" అంది ఇమెల్డా. "సగం ముక్కలు ఫ్రీజర్లో ఉన్నాయి. కావాలా?"

"రేపు కావాలి" అంది ఆగ్నెస్. ఆ మాట ఆమెకి బరువుగా వచ్చింది. కేసు తేలిపోయినప్పుడు ఆగ్నెస్ గొంతు అలానే ఉంటుందని వెండెల్‌కి తెలుసు. ఎందుకో మాత్రం ఈసారి అర్థం కాలేదు.

* * *

మర్నాడు మధ్యాహ్నం గస్ కొట్టు ముందుగదిలో అందరూ చేరారు. రోవీనా గుమ్మం దగ్గరే నిలబడింది. కోప్కే, బోమన్ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఇమెల్డా డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. బల్లకి అటుపక్క గస్.

ఆగ్నెస్ రెండు పొట్లాలు పక్కపక్కన విప్పింది. ఒకటి తెల్ల అంచు మాంసం. రెండోది తోక ముక్క, దాని చుట్టూ చిక్కటి పసుపు రంగు కొవ్వు.

"ఒకే కోడెకి రెండు రంగుల కొవ్వుండదు" అంది. "తోక, నాలుక, కాలేయం వేలాడదీయరు. కోసిన రోజే పట్టుకుపోతారు. ఇమెల్డా అలాగే తీసుకెళ్ళింది. అంటే రోవీనా తోలింది గడ్డి మేసిన కోడెనే. మారింది తర్వాత, ఆ చలిగదిలో."

"అయితే నువ్వేనన్నమాట!" అని కోప్కే బోమన్ వైపు తిరిగాడు.

"కూర్చోండి కోచ్ గారూ. మీరు ఫ్రీజరు మీద కూర్చున్నప్పుడే సగం కేసు చెప్పేశారు. మాంసం మార్చే దొంగ తక్కువ ఇస్తాడు, నాసిరకం ఇస్తాడు. ఇక్కడ మార్చినవాడు ఎక్కువ ఇచ్చాడు. చేతి చమురు వదిలించుకుని మరీ ఇచ్చాడు. అది దొంగ పని కాదు. పోయినదాన్ని ఎవరికీ తెలియకుండా పూడ్చాలనుకున్నవాడి పని."

 ఆగ్నెస్ లోపల మూలుగుతున్న కొత్త యంత్రం వైపు చెయ్యి చూపించింది.

"ఆ యంత్రం ఏప్రిల్‌లో మార్చానన్నాడు గస్. ఏప్రిల్ నుంచీ పాతది పెరట్లో పడుంటే దాని కింద మట్టి తప్ప ఏమీ మిగలదు. అక్కడ గడ్డి పాలిపోయిందంతే, ఇంకా చావలేదు. అంటే పెట్టి కొన్ని వారాలే అయింది, ఆగస్టు ఎండలకి ఆగిపోయాకే పెట్టారు. ఎప్పుడూ లేనిది ఈసారి పెట్టెలు ఇంటింటికీ తనే మోసుకెళ్ళాడు, ఎవరూ ఈ కొట్టులోకి తొంగి చూడకూడదని. ఇవన్నీ కాక ఇంకోటుంది." ఆగ్నెస్ ఆయన్నే చూస్తూ అంది, గొంతు పెంచలేదు. "మా నాన్న పెయ్య వంకర కొమ్ము ఏ వైపో గుర్తున్నవాడివి. పోయిన నెల కోడె గుర్తులేదన్నావు గస్."

గస్ చేతిలో పురికొస కింద పెట్టాడు.

"మా చెల్లెలి ఇంటికి పోయా" అన్నాడు. "శుక్రవారం పోయి సోమవారం వచ్చా. తలుపు తియ్యగానే వాసన. యంత్రం ఎప్పుడాగిందో ఏమో. అది ఒక్కటే వేలాడుతోంది లోపల. నా చేతిలో పెట్టిన పశువు ఒక్కటి పాడవలేదు ఇన్నేళ్ళలో, ఒక్కటి! గస్ ముసలాడైపోయాడు, ఇక పనికిరాడు అంటారని... పక్క కౌంటీకి పోయి దొరికిన వాటిల్లో మంచిది కొనుక్కొచ్చి తగిలించా. ఎవరికీ నష్టం రాదనుకున్నా."

"కోసేటప్పుడు కొవ్వు చూళ్ళేదా?" అన్నాడు బోమన్.

"చూశా. ఎవరు పట్టించుకుంటార్లే అనుకున్నా. తర్వాత వీళ్ళంతా రోవీనా మీద పడ్డారు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే..."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు పెద్దాయన. ఒక కోడె చెడిపోయిందని ఆ సోమవారమే చెప్పి ఉంటే, నలుగురూ నాలుగు మాటలని ఊరుకునేవారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు, ఆ విషం మరొకరికి ఎక్కింది. వెండెల్‌కి ఆయన మీద కోపం రావాలి. జాలేసింది, అది కోపం కంటే ఇబ్బందిగా ఉంది.

రోవీనా నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచింది.

"గస్. నేనొచ్చి నిన్ను అడిగినప్పుడు నీకు గుర్తుంది."

"ఉంది."

"అయితే ఇప్పుడు చెప్పు. దాని కొవ్వు ఏ రంగు?"

"పసుపు, రోవీనా. వెన్న కంటే పసుపు. కార్ల్ ఉన్న రోజుల్లో కూడా మీ మందలోంచి అంత మంచి కోడె రాలేదు."

"నాతో కాదు. అటు తిరిగి వాళ్ళతో చెప్పు."

గస్ తిరిగాడు. కోచ్ కోప్కే మొహం మీదే, చిన్నగానే అయినా అందరికీ వినపడేలా ఆ మాటే మళ్ళీ చెప్పాడు. కోప్కే టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటూ, "వచ్చే ఏడాదికి మా పావు... ఉంటుందా అండీ?" అన్నాడు రోవీనాతో.

"ఆలోచించి చెప్తా" అంది రోవీనా. ఆ మాట అనే హక్కు ఆమెకి చాలా రోజుల తర్వాత వచ్చింది, అందుకని తొందరపడలేదు.

కోప్కే, బోమన్, ఇమెల్డా వెళ్ళిపోయారు. ఆగ్నెస్ కోటు వేసుకుంటుంటే గస్ గోడన వేలాడుతున్న కత్తుల వంక చూస్తూ, "ఇక కొట్టు మూసేస్తా అమ్మాయ్" అన్నాడు.

గుమ్మం దాటబోతున్న రోవీనా ఆగింది. చుట్టుపక్కల ఇంకో కోత కొట్టు లేదు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు.

"నవంబరులో ఇంకో కోడెని తోలుకొస్తున్నా" అంది, వెనక్కి తిరక్కుండానే. "చలిగది తలుపు పక్కన ఒక కుర్చీ వేసి ఉంచు. అది మాగేదాకా రోజూ వచ్చి కూర్చుంటా."