ఫ్యాన్ హోరులో పోయిన మాట

“దయ్యంగారూ, పెదాలు కలవట్లేదు. ఇంకోసారి.”

అద్దం అవతల నుంచి ఫ్యానబ్బాయి గొంతు హెడ్‌ఫోన్స్‌లో వినిపించింది. లో బడ్జెట్ సినిమా కదా, షూటింగ్‌లో పెద్ద ఫ్యాన్ పెట్టి, దయ్యం వేషం వేసిన ఆమె జుట్టు ఎగరేసినవాడే ఇప్పుడు డబ్బింగూ రికార్డ్ చేస్తున్నాడు.

తెరమీద ఆమెని మంచానికి కట్టేశారు. భూతవైద్యుడు “పో! ఈ పిల్లని వదిలి పో!” అని ఊగిపోతున్నాడు.

ఆమె మైకు దగ్గరికి జరిగి, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో, “పోను! ఇది నా ఇల్లు!” అంది.

“మీ డైలాగ్ అయిపోయింది. తెరమీద మీరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఏమన్నారప్పుడు?”

“ఆకలేసి నిన్ను తిట్టాను.”

“తిట్టే మొహంలా లేదే.”

ఆమె నవ్వేసింది, ఏడుపు ఆపుకోడానికి. ఈ సినిమా కొనేవాడు లేడు. ఇంకో వేషం ఇచ్చేవాడూ లేడు. సాయంత్రం బస్సెక్కితే అక్కావాళ్ల ఊళ్లో మళ్లీ ఆ డేటా ఎంట్రీ ఉద్యోగమే. పొద్దున అమ్మ ఫోన్లో అడగనే అడిగింది, “ఇప్పటికైనా ఆ సినిమా దయ్యం వదిలిందా నీకు?” అని.

ఇతనేమో షూటింగ్ ముగిసిన రోజు “ఆల్ ది బెస్ట్” అని చెయ్యూపి ఊరుకున్నాడు.

అతను సౌండ్ తీసేసి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పుతున్నాడు.

“మీరు భూతవైద్యుణ్ణి చూడట్లేదు. కెమెరానీ చూడట్లేదు. ఆ పక్కన ఉన్నది ఫ్యాన్. దాని వెనక నేను. ఏమన్నారు?”

“ఆ హోరులో ఎవడికి వినిపిస్తుంది, ఎలాగూ డబ్బింగే కదా అనుకున్నా.”

“ఏమన్నారండీ?”

ఆమె తెర వైపు చూస్తూ మైకులో చెప్పింది. దయ్యం గొంతుతో కాదు. “అందరూ పొమ్మనేవాళ్లే. నువ్వైనా ఉండమనొచ్చు కదా!”

తెరమీది పెదాలతో పొల్లుపోకుండా కలిసింది.

అతను ఆమెతో మాట్లాడే టాక్‌బ్యాక్ బటన్ నొక్కాడు. వదిలేశాడు. మళ్లీ నొక్కాడు.

“ఏం చూసుకుని ఉండమనను? అద్దెకి తెచ్చిన ఫ్యాన్ తప్ప నా దగ్గరేముందని?”

“అదీ తిరిగిచ్చేశావుగా.”

అతను తన మైకు మీదకి వంగాడు.

“ఉండు” అన్నాడు. మొదటిసారి గారూ లేదు, అండీ లేదు.

“బస్సుకి టైమవుతోంది.”

“పోనీ దాన్ని.”

ఆమె బ్యాగు పక్కనే నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. రికార్డింగ్ ఆపడం అతను మర్చిపోయాడు.

ఆ సినిమాని చివరికి ఎవరూ కొనలేదు. కానీ అందులో దయ్యం వదిలేటప్పుడు వినిపించే ఏడుపు మాత్రం ఆ రోజు రికార్డయినదే.