తాపీలో తెగని పోగు

నర్సింగానికి నీళ్లంటే భయం. స్నానానికి బకెట్ నిండితే చాలు, దూరం జరుగుతాడు. పక్కన కూచున్న వాళ్లకు ఆ సంగతి గాలి ద్వారా తెలుస్తుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం కామ్‌రేజ్ అవతల తాపీ నది ఒడ్డున, లైఫ్ జాకెట్ మీద లైఫ్ జాకెట్ వేసుకుని, అందరికంటే ముందు పడవ ఎక్కాడు. అన్నను గంగలో కలపాలంటే తమ్ముడు ఎక్కక తప్పదు.

కరోనా రెండోసారి వచ్చి పోయిన ఏడాది చలికాలం అది. మూసిన బోటు షికార్లు మళ్లీ తెరిచారు. షికారు బోట్లలో బూడిద కలపనివ్వరు. అందుకని మేముండే ఉధ్నా నుంచి మేం పిక్నిక్‌కు బయలుదేరినట్టే బయలుదేరాం. పూరీలు, ఆలుగడ్డ కూర, మరమరాలు. పూరీల సంచి అడుగున లక్ష్మీరాజం.

లక్ష్మీరాజం మా పక్కింటి మంగ మొగుడు, ఈ నర్సింగానికి అన్న. సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, నేతపని. "వచ్చే ఐతారం నిన్ను బోటు ఎక్కిస్త" అని మంగతో ఎప్పుడూ అనేవాడు. ఆదివారం వచ్చేది, ఆయన మధ్యాహ్నం దాకా గురక పెట్టేవాడు. గోడ ఇవతల నాకే నిద్రపట్టేది కాదు. ఎండాకాలంలో జ్వరమొచ్చి దవాఖానాకు పోయాడు. ఆయన మొహం మళ్లీ మాకు చూపించలేదు. శ్మశానంలో ఒక బూడిద ముంత చేతికిచ్చారు, మూతికి ఎర్రగుడ్డ కట్టి. అలాంటి ముంతలు ఆ రోజు అరుగు పొడుగునా ఉన్నాయి.

మంగ దాన్ని బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది. గంగలో కలుపుదామంటే ఒకటే మాట.

"గిది ఆయనేనా కాదా ఎట్ల తెల్వాలె కనకక్కా? ఎవలింటి మనిషినో పట్టుకొని ఏడుస్తున్ననేమో."

మా వాడలో ఎవరింట్లో ఏ కూర మాడిందో వాసన చూసి చెప్తాను నేను. ఆ ముంత మూతి దగ్గర మాత్రం ముక్కు పెట్టి చూసి, మళ్లీ డబ్బా పక్కనే పెట్టేశాను.

బోటు నడిపేది గుజరాతీ ముసలాయన, కాకా అని పిలిచాం. నది నడుమ ఇంజను ఆపి, బీడీ ముట్టించి, అటు తిరిగి కూచున్నాడు. సంచిలో ఏముందో ఆయనకు ముందే తెలుసు. ఆ ఏడాది పూరీలతో వచ్చిన వాళ్లెవరూ పూరీలు తినలేదట.

వచ్చేటప్పుడు ఆటో కుదుపులకు గుడ్డ వదులైతే, మంగ తన సంచిలోని దారపు కోన్ నుంచి పోలిస్టర్ పోగు లాగి ముంత మూతికి బిగించింది. కొస తెంపలేదు. ఇప్పుడు ఆ గుడ్డ విప్పి బూడిద పొయ్యాలి. నర్సింగం నీళ్ల వైపు చూడకుండా, కళ్లు మూసుకుని ముంతను అంచు మీదికి చాపాడు. ముంతకు ముంతే నీళ్లలోకి జారిపోయింది.

సంచిలో కోన్ గిరగిరా తిరిగింది. దారం నీళ్లలోకి పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి, టప్పున తెగింది.

"తెగింది. మంచిదే" అన్నాను. "ఇగ ఎనుకకు సూడకుండ పోవాలె."

ఇంజను మొదలైంది. మంగ వెనక్కి చూసింది.

పడవ పక్కనే నీళ్ల మీద ఒక తెల్లటి దారపు కొస తేలుతోంది. నీరు అటు పోతోంది. కొస మాత్రం మాతో పాటు ఇటు వస్తోంది.

నేతపని వాళ్ల చేతులకు ఒక రోగం ఉంటుంది. తెగిన పోగు కనబడితే మనిషిని అడగవు. కన్ను చూస్తుంది, వేళ్లు అతికిస్తాయి. మంగ వంగి ఆ కొసను పట్టుకుంది. కోన్ కొసతో కలిపింది. ముడి పడిపోయింది.

"మంగా... ఏం జేసినవే?"

మంగ తన వేళ్లనే చూసుకుంది. "నేను జెయ్యలే అక్కా. చేతులు జేసినయ్."

ఇంజను అరుస్తోంది. పడవ కదలడం లేదు. కాకా బీడీ పారేసి, మెడలోని తాయెత్తు పట్టుకున్నాడు. పొద్దు అప్పుడే గుంకింది. నీళ్ల మీద పొగమంచు పరుచుకుంటోంది. అప్పటిదాకా బురద వాసన, నాచు వాసన. ఇప్పుడు అవి లేవు... దవాఖానా వాసన.

పడవ కింద ఎవరో దగ్గారు.

నోట్లో గుడ్డ పెట్టుకుని దగ్గినట్టు, మెత్తగా. కొంచెం ఆగి, అవతల ఇంకొకరు. తర్వాత దూరంగా ఇంకొకరు. ఆ మంచులో... నది పొడుగునా.

"గుంజి తెంపు వదినే" అన్నాడు నర్సింగం.

మంగ లాగింది. దారం తెగలేదు, వచ్చింది. మూరకొక ముడితో వచ్చింది. కొత్త కోన్ దారానికి ముడులెక్కడివి?

మావాళ్లకు ముడి అంటే చేతిరాత. ఎవరు వేశారో తడిమి చెప్తాం. ఒక ముడి దగ్గర నర్సింగం వేలు ఆగింది. "గణపతి మామది..." గణపతి పక్క సాంచ మీద పనిచేసేవాడు. లక్ష్మీరాజం పోయిన వారంలోనే పోయాడు.

మంగ ఒక్కొక్కటే తడుముతోంది. "గిది కాదు... గిది కాదు..." ఆమె వెతికేది ఒక్క ముడి కోసం. లక్ష్మీరాజం కుడి బొటనవేలి కొసను ఎప్పుడో సాంచ తినేసింది. ఎడమ చేత్తో వేసేవాడు, ముడి తిరగబడి పడేది. ఒక ముడి చాలా చిన్నది, ఇంకా పని రాని పసి వేళ్లు వేసినట్టుంది. దాన్ని మంగ కాసేపు అరచేతిలో ఉంచుకుంది. "గిది... కాదు."

తర్వాత ఆమె వేళ్లు ఆగిపోయాయి.

నేనూ తడిమాను. తిరగబడ్డ ముడి.

"ఆయనే అక్కా" అంది మంగ. దాన్ని చెంపకు ఆనించుకుంది. "నా మనిషిని నాకే ఇచ్చిండ్రు."

దగ్గులు ఆగిపోయాయి. నది అంతా ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది. మంగ నీళ్ల మీదికి వంగి, మొగుడితో గోడ చాటున గొణిగినట్టే గొణిగింది. "బోటు ఎక్కిస్తనంటివి, ఎక్కిచ్చినవ్. ఇగ చాలు. పో."

పళ్లతో దారం కొరికింది. పడవ ఒక్కసారి ముందుకు దూకింది. నర్సింగం పూరీల మీద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో మంగ నా భుజం మీద నిద్రపోయింది. ముంత ఇంటికొచ్చిన నాటి నుంచి ఆమె అలా పడుకోవడం నేను చూడలేదు. హైవే లైట్ల వెలుగులో ఆమె చిటికెన వేలికి ఒక చుట్టు దారం మెరిసింది. మెల్లగా విప్పుదామనుకున్నాను. దాని కొస ఆటోలో లేదు. పక్క నుంచి బయటికి, వెనక చీకట్లోకి పోయింది. ఏ కంపకో తట్టుకుని ఉంటుందని పట్టుకున్నాను.

అటు నుంచి ఎవరో లాగారు. తెంపేటట్టు కాదు. కండెకు దారం చుట్టేటప్పుడు, జర వదులు చెయ్యమని ఎదుటి మనిషిని అడిగినట్టు... మెత్తగా.

నిద్రలోనే మంగ, దారం వదులయ్యేటట్టు, చెయ్యి చాచింది.