మూగకొండకు నడిచి వెళ్ళిన నూకాలు

తెరువుకొండ రాజ్యంలో ఆ ఏడాది ఎవరూ ఏడవలేదు. ఎవరూ నవ్వలేదు కూడా.

పిల్లలూ, వినడానికి ఇది పెద్ద కష్టంలా ఉండకపోవచ్చు. కానీ ఆ రాజ్యంలో బిడ్డ గుమ్మం తట్టుకుని పడితే తల్లి ఊరికే చూస్తూ నిలబడేది. పడిన బిడ్డ కూడా ఏడవకుండా లేచి వెళ్ళిపోయేది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఎవరూ లేచేవారు కాదు. వీరనంద మహారాజు సభలో కూర్చుని, ఎదుట మాట్లాడుతున్న మంత్రిని గోడను చూసినట్టు చూసేవాడు.

మూగకొండ మీద నుంచి దిగివస్తున్న బూడిదరంగు మంచే దీనికంతటికీ కారణం. కొండ కొనమీద ఒక రాక్షసి కూర్చుని ఆ మంచును వదులుతోందని చెప్పుకునేవారు. అది ఒంటికి తగిలితే చలి వేయదు. ఏమీ వేయదు. మనసుకు తిమ్మిరి ఎక్కి, అది అలాగే ఉండిపోతుంది.

ఆ రాజ్యంలో కబురు మోసేవాళ్ళను అంచెవాళ్ళు అనేవారు. రాజుగారు రాసిన తాటాకు కమ్మను వెదురుగొట్టంలో పెట్టి, గజ్జెలు కట్టిన కోలకు తగిలించి, ఒకరు మూడు కోసుల దూరం పరుగెత్తి ఇంకొకరికి అందించేవారు. వాళ్ళకు రెండు కట్టుబాట్లు ఉండేవి. కోల చేతిలో ఉన్నంతసేపు గజ్జెల మోత ఆగకూడదు. కోల చేతులు మారేటప్పుడు ఇద్దరూ దాన్ని చెరొక చేత్తో పట్టుకుని పది అడుగులు కలిసి పరుగెత్తాలి. అంచెవాళ్ళు వెళ్ళొస్తాననీ, వెళ్ళిరా అనీ చెప్పుకోరు. ఆ పది అడుగులే వాళ్ళ వీడ్కోలు.

అంచెవాళ్ళలో అందరికన్నా వేగంగా పరుగెత్తేది నూకాలు. ఆమెకు పదహారేళ్ళు. ఆమె తరువాతి అంచెలో అన్న అప్పన్న ఉండేవాడు. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరికీ ఒకరికొకరే దిక్కు.

మనసు పూర్తిగా మొద్దుబారకముందు రాజుగారు రాక్షసికి, ఏం కావాలో చెప్పమని ఒక కమ్మ రాసి పంపారు. నూకాలు కోల అందుకుని బయలుదేరింది. సగం దారిలో, ఎండిన వాగు దాటుతుంటే ఆమె కాలు గుంటలో పడింది. మడమ వెనక ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఇంకెవరైనా అక్కడే కూలబడేవారు. కానీ నూకాలు అంచెపిల్ల. గజ్జెలు ఆగకూడదు. ఆ కాలు ఈడ్చుకుంటూ ఇంకో కోసున్నర పరుగెత్తింది. మొదట సగమే తెగిన నరం ఆ పరుగుతో పూర్తిగా తెగిపోయింది.

అంచె దగ్గరికి వచ్చి ముందుకు పడిపోతూ కోలను అన్నకు అందించింది. పది అడుగుల కోసం లేవబోయింది. కాలు లేవలేదు.

"కూర్చో చెల్లీ. నేను వచ్చాక పరుగెడదాంలే" అని అప్పన్న వెళ్ళిపోయాడు. గజ్జెల మోత గుట్ట దాటేదాకా వినిపించింది. తరువాత వినిపించలేదు.

అప్పన్న తిరిగి రాలేదు. అతని వెనక పంపిన అంచెవాళ్ళూ, గుర్రపు రౌతులూ రాలేదు. అందరూ కొండవాలున రాళ్ళయిపోయారని దూరం నుంచి చూసిన గొర్రెలకాపరి వచ్చి చెప్పాడు.

"మా అన్న రాయి అయ్యాడట" అని నూకాలు పక్కింటామెతో చెప్పింది. చెప్పి మంచినీళ్ళు తాగింది. మంచు ఆమెను కూడా తాకింది మరి.

దక్షిణపు అడవిలో మంచు ఇంకా చేరని చోట సిద్ధమ్మ అనే ముసలి వైద్యురాలు ఉండేది. విరిగిన ఎముకలకూ తెగిన నరాలకూ కట్టు కడుతుందని ఆమెకు పేరు. ఇంకా పూర్తిగా మొద్దుబారని అంచెవాళ్ళు నూకాలును మంచం మీద మోసుకువెళ్ళి ఆమె వాకిట్లో దించారు. సిద్ధమ్మ తుమ్మముల్లుతో నూకాలు అరికాలు గుచ్చింది.

"నొప్పి పుట్టిందా?"

"లేదవ్వా."

"మీ అన్నను తలుచుకుంటే?"

"ఏమీ లేదవ్వా."

"కాలిది తేలికే. రెండోదే ఎప్పటికి కుదురుతుందో" అని సిద్ధమ్మ గొణుక్కుంది. "పిల్లా, రాయి అయినవాళ్ళలో నూరు రోజులు ఊపిరి నిలుస్తుంది. ఈలోపు మంచు విరగకపోతే వాళ్ళిక రాళ్ళే. మీ అన్న వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు. అయితే ఇప్పుడే పరుగెత్తి వెళ్తాను."

"ఈ కాలితోనా? మా ముసలి మేక కూడా నిన్ను దాటిపోతుంది. పడుకో."

సిద్ధమ్మ మినపపిండీ గుడ్డుసొనా కలిపి మడమకు పట్టించి, వెదురుబద్దలతో కట్టు కట్టింది. నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు అలాగే పడుకుంది. నాలుగోనాడు సిద్ధమ్మ చల్లకవ్వపు తాడు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది.

"తెగింది కాలి నరం. చేతులేం పాపం చేశాయి? లేచి చిలుకు."

చిలకడం అయ్యాక తిరగలి. తిరగలి అయ్యాక నూతి తాడు. అన్నీ కూర్చునే చేయించింది. రోజూ పొద్దున్నే ఇంకొక పని కూడా ఉండేది.

"బొటనవేలును కదలమని చెప్పు."

"కదలదవ్వా."

"కదలకపోయినా చెప్పు. అలిగినవాళ్ళు ఒక్క పిలుపుకే వస్తారా ఎక్కడైనా?"

నూకాలుకు ఆశా లేదు, విసుగూ లేదు. చెప్పమంది కాబట్టి చెప్పింది. ఇరవయ్యోనాడు బొటనవేలు కదిలింది. సిద్ధమ్మ ఆమెను వాగులో నడుములోతు నీళ్ళలోకి దింపి, నీళ్ళ మీద బరువు వేసి నడవడం నేర్పింది. పాచిరాళ్ళ మీద జారకుండా, చిన్న ఊపిరి తీస్తూ చిన్న అడుగులు ఎలా వేయాలో చూపించింది.

నలభయ్యోనాడు సిద్ధమ్మ వేళ్ళు తవ్వుకోవడానికి వెళ్ళినప్పుడు, నూకాలు కట్టు విప్పేసి దారి మీద పరుగు తీసింది. నాలుగో అడుగుకే పడిపోయింది. మడమ గుమ్మడిపిందెలా వాచింది.

సిద్ధమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. "పది రోజులు వెనక్కి పోయాం" అని మళ్ళీ కట్టు కట్టసాగింది. ముడి బిగించగానే నూకాలు కెవ్వుమంది.

"నొప్పి! నొప్పి అవ్వా!"

"అమ్మయ్య!" అంది సిద్ధమ్మ. "అలిగి వెళ్ళిన చుట్టం తిరిగొచ్చింది. ఇక దానికి కోపం తెప్పించకు. అది ఆగమంటే ఆగు, పొమ్మంటే పో."

నూకాలు అలాగే చేసింది. కాని అన్నను తలుచుకుంటే మాత్రం ఇంకా ఏమీ అనిపించేది కాదు.

అప్పన్న వెళ్ళి తొంభై రోజులైన నాడు సిద్ధమ్మ ఆమె చేతికి ఒక ఊతకర్ర ఇచ్చింది. "నడవగలవు, పరుగెత్తలేవు. మూగకొండకు నడకన ఎనిమిది రోజులు. నడువు" అంది.

అడవి దాటే చోట ఒక తెల్లజింక ఎదురైంది. దాని గిట్టలు వెండివి. "మూడు కోసులు ఊపిరి తిప్పుకోకుండా పరుగెత్తే నూకాలువి నువ్వేనా? ఇప్పుడు నత్తకు అక్కలా ఉన్నావే! నాతో పందెం వెయ్యి. గెలిస్తే నిన్ను గడియలో కొండ చేరుస్తాను" అంది.

నూకాలు మడమ మీద బరువు మోపి చూసింది. మడమ చురుక్కుమంది.

"పై ఏడాది రా. అప్పుడు చూద్దాం" అంది.

జింక పకపకా నవ్వి పొగలా కరిగిపోయింది. అది నిలుచున్న గడ్డి వెనక, రెండే బారల దూరంలో, అడుగు కనిపించని లోయ ఉంది.

అయిదోనాడు మధ్యాహ్నం దారి పక్కన ఒక పందిరి, పందిరి కింద మంచం మీద బూరుగుదూది పరుపు కనిపించాయి. "ఎంత అలిసిపోయావో తల్లీ! పడుకో. రేపు వెళ్ళవచ్చులే" అని పరుపు మెత్తగా పలికింది. నూకాలు పడుకుంది. హాయిగా కూడా లేదు. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో చాలాసేపు ఉండిపోయింది. ఇంతలో అలవాటుగా బొటనవేలును కదలమంది. అది కదలలేదు. మళ్ళీ చెప్పింది. నాలుగోసారికి కదిలింది. ఆమె లేచి కిందికి చూస్తే మంచం కింద వరసగా చెప్పులు ఉన్నాయి. పెద్దవాళ్ళవి, చిన్నపిల్లలవి, ఎన్నో జతలు. వాటి మనుషులు మాత్రం లేరు.

ఎనిమిదోనాటికి మూగకొండ చేరింది. వాలు నిండా రాళ్ళు. కొన్ని పరుగెడుతున్న మనుషుల్లా ఉన్నాయి, కొన్ని మోకాళ్ళలో తలపెట్టుకుని కూర్చున్నవాళ్ళలా ఉన్నాయి. నూకాలుకు సంగతి అర్థమైంది. పరుగెత్తినవాళ్ళు ఆయాసంతో మంచును గుండెనిండా పీల్చుకున్నారు. భయపడి కూలబడినవాళ్ళను నేల పట్టుకుంది. ఆమె వాగులో నడిచినట్టే చిన్న ఊపిరి తీస్తూ, చిన్న అడుగులు వేస్తూ, ఆగకుండా ఎక్కింది.

సగం వాలులో అప్పన్న ఉన్నాడు. ఒక కాలు గాలిలో ఉంది, చేతిలో గజ్జెలకోల ఉంది. ఆగితే తానూ రాయి అవుతుంది. అందుకని ఊతకర్రను పారేసి, అన్న చుట్టూ తిరుగుతూ, తిరిగినప్పుడల్లా కోలను కాస్త కాస్త లాగింది. మూడో చుట్టుకు కోల ఊడివచ్చింది. ఏడుపు రావాలని ఆమెకు తెలుసు. రాలేదు. గజ్జెలు మోగించుకుంటూ పైకి నడిచింది.

కొండ కొనమీద గడ్డివామంత రాక్షసి కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా రాయి అయిపోయింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఆమె నోట్లోంచి మంచు వస్తోంది.

"ఎవరది? ఆ మోత ఆపు" అంది రాక్షసి.

నూకాలు ఆమె చుట్టూ నడుస్తూనే, "ఆపకూడదమ్మా. కబురు చేరేదాకా ఆపకూడదు. రాజుగారి కమ్మ తెచ్చాను. నీకు ఏం కావాలో చెప్పమన్నారు" అంది.

రాక్షసి దూరాన సముద్రం వైపు తల తిప్పింది. తరువాత చెప్పింది. "నాకొక కొడుకు ఉండేవాడు. సముద్రం చూడాలని వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళే రోజు నేను చూడలేక తలుపు వేసుకుని పడుకున్నాను. వాకిట్లో నిలబడి అమ్మా అని మూడుసార్లు పిలిచాడు. నేను పలకలేదు. అది గుర్తొస్తే గుండె పగిలిపోయేది. మొద్దుబారేదాకా ఇక్కడే కూర్చున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది. నువ్వూ కూర్చో."

"హాయిగా ఉందా అమ్మా?"

రాక్షసి ఆలోచించింది. "లేదు. ఏమీ లేదు."

"నాకూ అంతే. మా అన్నతో పది అడుగులు వేయాల్సింది. వేయలేదు" అంటూ నూకాలు కోల చివరను ఆమె ముందుకు చాచింది. "పట్టుకో. మీ అబ్బాయిని ఇప్పుడు సాగనంపుదువుగాని."

"కాళ్ళు రాళ్ళు కదే పిచ్చిదానా!"

"ముందు బొటనవేలును కదలమను."

"కదలదు."

"కదలకపోయినా చెప్పు. అలిగినవాళ్ళు ఒక్క పిలుపుకే వస్తారా?"

పొద్దు నెత్తి మీద నుంచి వాలిపోయే దాకా రాక్షసి చెబుతూనే ఉంది, నూకాలు ఆమె చుట్టూ నడుస్తూనే ఉంది. మడమ సలిపినప్పుడు మెల్లగా, తగ్గినప్పుడు కాస్త వడిగా నడిచింది. చివరికి రోలు పగిలినట్టు చప్పుడై, రాక్షసి బొటనవేలు కదిలింది.

"అబ్బా! నొప్పి!" అని అరిచింది రాక్షసి.

"అమ్మయ్య!" అంది నూకాలు.

వేలు తరువాత పాదం, పాదం తరువాత మోకాలు విడివడ్డాయి. ఇద్దరూ కోలను చెరొక చేత్తో పట్టుకుని సముద్రం వైపు నడిచారు. ఒకటి, రెండు, మూడు... పదో అడుగు దగ్గర రాక్షసి ఆగింది. చెయ్యి వదిలింది. "వెళ్ళిరా నాయనా" అంది.

అప్పుడు ఏడ్చింది పిల్లలూ. వాన కురిసినట్టు ఏడ్చింది. ఆ కన్నీళ్ళు వాలు వెంట పారి మంచునంతా కడిగేశాయి. నూకాలు కూడా మోకాళ్ళ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటికి తొంభై ఎనిమిది రోజులు.

ఆమె కిందికి దిగేసరికి అప్పన్న గాలిలో ఉన్న కాలు నేలమీద ఆన్చి, తన ఖాళీ చేతిని చూసుకుంటున్నాడు. చుట్టూ అందరూ కళ్ళు నులుముకుంటూ లేస్తున్నారు.

"నువ్వెలా వచ్చావే ఇక్కడికి? పరుగెత్తావా?"

"లేదన్నా, నడిచాను." ఆమె కోల చాచింది. "మంచు విరిగిందని రాజుగారికి కబురు చెప్పాలి. నువ్వు తీసుకువెళ్ళు. కానీ ముందు..."

అప్పన్న ఆమె కాలి వంక చూశాడు. కోల అందుకుని ఆమెతో పాటు మెల్లగా పది అడుగులు నడిచాడు. తరువాత ఆమె చెయ్యి వదిలింది. గజ్జెల మోత గుట్ట దాటేదాకా వినిపించింది. తరువాత వినిపించలేదు. ఆమెకు గుండెలో నొప్పి పుట్టింది. దాన్ని అలాగే ఉండనిచ్చి, తన నడకన తాను ఇంటిదారి పట్టింది.

రాజుగారు ఆమెను అంచెలన్నిటికీ పెద్దను చేశారు. పెద్ద అయిన రోజే ఆమె ఒక కట్టుబాటు మార్చింది. పరుగులో కాలికి దెబ్బ తగిలితే, కోలను నేలమీద పెట్టి అక్కడే కూర్చోవాలి. గజ్జెల మోత ఆగితే తప్పు లేదు. మోత వినిపించకపోతే అవతలి అంచెవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు.

పై ఏడాది మామిళ్ళు పూసే వేళకు సిద్ధమ్మ మడమ నొక్కి చూసి, "సరే, కానీ" అంది. ఆ పొద్దున అప్పన్న అంచె దగ్గర కోల అందుకుంటుంటే నూకాలు అతని పక్కన చేరి కోల రెండో చివర పట్టుకుంది.

పరుగెత్తింది. పదంటే పదే అడుగులు.