యక్షుడి వెలుగుపలక

కల్లోలిని నది సముద్రంలో కలిసే చోట మకరపట్నం అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ పొలాలు తక్కువ, పడవలు ఎక్కువ. వీరభోజుడు దాన్ని పాలించేవాడు. ఒకనాడు మసకి అనే మంత్రగత్తె వచ్చి నదీముఖాన్ని తనకు ఇచ్చెయ్యమని అడిగింది. రాజు ఒప్పుకోలేదు. ఆమె పట్టరాని కోపంతో సముద్రం మీద తెల్లటి మాయమంచు పరిచింది. ఆ మంచును దాటి ఒక్క పడవైనా రేవు చేరితే తన మంత్రం విరిగిపోతుందని, చేరే దారి మాత్రం ఎవరికీ దొరకదని చెప్పి మాయమైపోయింది.

ఆ ఉదయం చేపల వేటకు వెళ్ళిన పడవలన్నీ మంచులో చిక్కుకున్నాయి. రాజు కొండకొమ్మున పెద్ద మంట వేయించాడు. వెంటనే మంచులో అక్కడొకటి, ఇక్కడొకటి అచ్చం అలాంటి మంటలే లేచాయి. ఏది నిజమో తెలియక కొన్ని పడవలు బండరాళ్ళకు కొట్టుకుని పగిలిపోయాయి. డప్పులు కొట్టిస్తే ఆ మోత నాలుగు దిక్కుల నుంచీ వినిపించింది. రాజు మంట ఆర్పించాడు, డప్పులు ఆపించాడు. మిగిలిన పడవల్లోని మనుషులు పచ్చి చేపలు తింటూ, తెరచాపల మీది మంచునీళ్ళు పిండుకుని తాగుతూ ఎక్కడో తిరుగుతూనే ఉన్నారు. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆ ఒడ్డునే నూకాలు అనే జాలరి పిల్ల ఉండేది. ఆమె తండ్రి పోలయ్య మంచులో చిక్కినవాళ్ళలో ఒకడు. అంతకు ముందు ఏడాది పోలయ్య వలకు ఒక వింత వస్తువు తగిలింది. తలుపంత పెద్ద నల్లటి పలక. దాని నిండా వరుసలు వరుసలుగా సన్నని గాజుపూసలు. ఆ పూసలన్నీ కలిసి ‘రేవు’ అనే రెండక్షరాలుగా కనిపించేవి. చుట్టూ పూసల అంచు. అడుగున రెండు రాగి తీగలు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. పూర్వం ఒక యక్షుడు ఈ రేవు కోసమే ఆ పలక చేశాడని, ఉప్పెనలో అది కొట్టుకుపోయిందని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. పోలయ్య దాని ఉప్పు కడిగి, గుడిసె గోడకు ఆనించి ఉంచాడు.

నూకాలుకు ఆ పలక గుర్తొచ్చింది. మంచుకు మంటను చూసి మంట పుట్టించడం వచ్చు గాని, అక్షరం రాయడం వస్తుందా? ఆమె వెళ్ళి రాజుతో ఈ మాట చెప్పింది. చదువు రాని జాలరికైనా ఆ రెండక్షరాలు తెలుసు, రేవు మెట్ల మీద చెక్కి ఉంటాయి. రాజు పలకను కొండకొమ్మున నిలబెట్టించాడు. కాని దాన్ని వెలిగించేది ఏమిటి? ఎంత శక్తి కావాలో పలక వెనక యక్షుడు రాసే ఉంచాడు. ఆ రాతను ఉప్పునీరు తినేసింది.

ఆస్థాన మాంత్రికుడు వజ్రాంగి మేఘంలోంచి ఒక పిడుగును దించి తీగలకు తాకించాడు. పలక ఒక్కసారి కళ్ళు మిరుమిట్లు గొలిపేలా మెరిసి ఆరిపోయింది. అంచునున్న పూసలు చాలావరకు మాడి నల్లబడ్డాయి. వజ్రాంగి చేతులు రెండూ కాలాయి. ఇంకొక్క క్షణం ఉంటే అక్షరాలు కూడా పోయేవి. ఇక దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది.

అంచు నుంచి విరిగిపడిన ఒక తునకలో ఇంకా కొన్ని పూసలు, వాటిని కలిపే రెండు తీగ ముక్కలు బాగానే ఉన్నాయి. నూకాలు దాన్ని కొంగున కట్టుకుంది. పలకకు తగిన శక్తి ఎక్కడున్నా వెతికి తెస్తానని తల్లి బంగారితో చెప్పింది. బంగారి వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆమె చూపు సముద్రం మీదే ఉండిపోయింది.

నూకాలు పడమటి అడవిలో చాలా దూరం నడిచింది. చివరికి వాగు ఒడ్డున తామ్రపాదుడు అనే ముని కనిపించాడు. ఆమె చెప్పినదంతా ఆయన విన్నాడు. ఇలా శక్తిని వెతుకుతూ వచ్చిన యువకులకు తాను దారి చెప్పేవాడినని, వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదని, అప్పటి నుంచి చెప్పడం మానేశానని అన్నాడు.

"సామీ, మీరు సెప్పకపోయినా నానెల్తాను. సెప్తే కొంచెం తెలిసెల్తాను," అంది నూకాలు.

ముని తల వంచుకున్నాడు. "ఎంత శక్తి కావాలో నాకూ తెలియదు. తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ బతికి లేరు. ఇంతవరకే చెప్పగలను. శక్తికి తోసే తోపు ఉంటుంది, పారే ధార ఉంటుంది, నడిచే దిక్కు ఉంటుంది. తోపు తక్కువైతే పూస వెలగదు, ఎక్కువైతే మాడిపోతుంది. అది సరిగ్గా ఉండాలి. ధార ఎక్కువ ఉన్నా భయం లేదు, పలక తనకు కావలసినంతే తాగుతుంది. తక్కువైతే మాత్రం దాని దప్పిక తీరదు. ఇక దిక్కు. ఎర్ర తీగలో చేరి నల్ల తీగలో బయటికి రావాలి. ఎదురు నడిస్తే వెలుగే ఉండదు."

లోయ మీద ఒక రాక్షసుడు, లోయ అవతల గుహలో ఒక నాగు ఉన్నారని చెప్పి, ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె వెళ్ళేదాకా మళ్ళీ తెరవలేదు.

లోయ అంచుకు చేరేసరికి జలపాతం హోరు వినిపించింది. లోయ మీద పెద్ద అడవితీగను పట్టుకుని డోలుడు అనే రాక్షసుడు ఊగుతున్నాడు. ఎవరో శపించడంతో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఊగుతూనే ఉండాలి. వాడి ఒళ్ళంతా నీలి రవ్వలు చిటపటలాడుతున్నాయి.

నూకాలు వచ్చిన పని విని వాడు ముద్దుగా మాట్లాడాడు. తన శక్తికి అంతు లేదని, అదంతా ఉచితంగా ఇస్తానని, తీగ కోసి తనను దింపితే చాలునని అన్నాడు. ఆమెను భుజం మీద ఎక్కించుకుని రేపటికల్లా మకరపట్నంలో దింపుతానన్నాడు. రేపటికల్లా అనే మాట వినగానే నూకాలు చెయ్యి నడుముకున్న కత్తి మీదికి పోయింది. తండ్రి ఇంకా ఎన్నాళ్ళు బతికుంటాడు?

కాని తీగ కోసే ముందు ఆమె కొంగు విప్పి తునక బయటికి తీసింది. డోలుడు ఇటు ఊగి వచ్చినప్పుడు గోరుతో దాన్ని తాకాడు. పూసలు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి, వణుకుతూ సన్నగా కీచుమన్నాయి. ఆమె తునకను లాక్కునేలోగా ఒక్క పూస తప్ప అన్నీ నల్లబడ్డాయి. వాడి శక్తి వాడిలాగే ఒక క్షణం ముందుకు, ఒక క్షణం వెనక్కి పోతోంది. దానికి దిక్కు లేదు.

నూకాలు బండ మీద కూలబడింది. ఒక్క పూస మిగిలింది. అది కూడా పోతే ఇక ఏ శక్తి సరైనదో తెలుసుకునే దారే లేదు. వెనక్కి పోదామనుకుంది. కాని ఏ మొహంతో పోవాలి? ఆ ఒడ్డునే కూర్చుని, ఆ సముద్రాన్నే చూస్తూ ఉండాలి. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఓదార్చడానికి ఎవరూ లేరు గనుక తానే ఆపుకుంది.

లోయ దాటడానికి ఆమెకు వేరే దారి కనిపించలేదు. డోలుడు ఇటు వచ్చి మళ్ళేటప్పుడు ఆమె ఎగిరి వాడి పాదం పట్టుకుంది. కింద నీళ్ళు గిర్రున తిరిగాయి. వాడు ఆమెను అందుకోవాలని వంగాడు. ఆ చెయ్యి జుట్టును తాకుతుండగా అవతలి ఒడ్డు వచ్చింది. ఆమె పట్టు వదిలి ముళ్ళపొదలో పడింది. మోకాళ్ళు చీరుకుపోయాయి, తునక మాత్రం కొంగులో భద్రంగా ఉంది.

నాగు గుహలో ఎముకలు కొరికే చలి. గుమ్మంలోనే మనుషుల అస్థిపంజరాలు పడి ఉన్నాయి. ప్రతి అస్థిపంజరం ఒళ్ళోనూ తెల్లని రాళ్ళ గుట్ట ఉంది. ముని దారి చెప్పిన యువకులు వీళ్ళేనని నూకాలుకు అర్థమైంది. లోపల ముసలి తెల్లనాగు చుట్ట చుట్టుకుని ఉంది.

"ఇవి వెచ్చరాళ్ళు," అంది నాగు. "మనిషి చేతి వేడిని తాగి శక్తిగా మారుస్తాయి. వీళ్ళందరూ ఒడి నిండా పట్టుకుపోవాలనుకున్నారు. వీళ్ళ వేడంతా అవి తాగేశాయి. ఎన్ని కావాలో చెప్పి తీసుకో. చెప్పడానికి నీకు ఒక్కటే అవకాశం."

ప్రతి రాయికీ ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక ఉన్నాయి. నూకాలు ఒక రాయిని తీగల మధ్య పెట్టి అరచేతితో నొక్కింది. చెయ్యి చల్లబడింది గాని పూస వెలగలేదు. మెరుపు వైపుకు మసక వైపు ఆనేలా రెండోది చేర్చింది. ఏమీ లేదు. మూడోది పెట్టగానే పూసలో నిప్పు కణికంత ఎరుపు కనిపించింది. నాలుగోదానికి పూస తెల్లగా, నిండుగా వెలిగి గుహ గోడలు కనిపించాయి. ఎన్నాళ్ళుగానో ఆ వెలుగు కోసమే తిరిగిన ఆమె చెయ్యి అయిదో రాయి వైపు తనంతట తానే పోయింది. అంతలో పూస కొద్దిగా వెచ్చబడినట్టు తోచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

తోపుకు నాలుగు రాళ్ళు చాలు. ధార కోసం పలక మీద ఎన్ని వరుసలున్నాయో అన్ని నాలుగులు కావాలని చెప్పింది. నాగు వాటిని ఎండుగడ్డిలో చుట్టి మూట కట్టుకోమంది.

"నాలుగు రాళ్ళ గొలుసును ఒక్కరే ఎక్కువసేపు పట్టుకుంటే ప్రాణం పోతుంది. అయిదుగురు చేతులు కలిపి, అరచేతుల మధ్య ఒక్కో రాయి పెట్టుకోవాలి. నీ ఊళ్ళో అంతమంది ఉన్నారా?"

"ఉన్నారు," అంది నూకాలు. అంది గాని, దారి పొడుగునా ఆ మాటే ఆమెను తొలిచింది.

నాగు చూపిన చుట్టుదారిన మకరపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. బళ్ళ మీదికి సామాను ఎక్కిస్తున్నారు. ఊరంతా వలస పోతోంది. బంగారి గుడిసె గుమ్మంలో బొట్టు లేకుండా కూర్చుని ఉంది.

"మీ అయ్యకి దినం సేసేసినారే," అంది బంగారి. "అందరికీ సేసేసినారు. ఇంకేటి తెచ్చినా ఎవరికోసం?"

 నూకాలు మూటను నేల మీద దించి, తల్లి పక్కన కూర్చుని మెల్లగా అంది. "దినం సేసింది మనం. సముద్రం ఇంకా ఏటీ సెప్పలేదు కదమ్మా. నీ సెయ్యి ఒక్కసారి ఇయ్యి."

బంగారి చెయ్యి ఇచ్చింది. జాలిపడి మరో ముగ్గురు ఆడవాళ్ళు కొండకొమ్ముకు వచ్చారు. ఒక కొసన నూకాలు ఎర్ర తీగ పట్టుకుంది, రెండో కొసన ఆ ముగ్గురిలో ఒకతె, సత్తెమ్మ, నల్ల తీగ పట్టుకుంది. పలక మీద అక్షరాలు కనిపించీ కనిపించనంత మసకగా మినుకుమన్నాయి. పది అడుగుల అవతలికి కూడా కంటికి ఆనవు. చూడవచ్చిన వాళ్ళు నిట్టూర్చి బళ్ళ దగ్గరికి మళ్ళారు.

అప్పుడు కట్టు కట్టిన చేతులతో వజ్రాంగి ముందుకు వచ్చాడు. పిడుగు కన్నా ఇది మెరుగ్గా ఉందని, తనకూ ఒక రాయి ఇవ్వమని అడిగాడు. అతని వెనక రాజు, రాజు వెనక ఇద్దరు బంట్లు, ఒక బండివాడు వచ్చారు. రెండో గొలుసు కట్టారు గాని వెలుగు పెరగలేదు. నూకాలు తన చోట ఇంకొకరిని నిలబెట్టి, ఆ గొలుసు వెంబడి నడుస్తూ ఒక్కొక్కరి అరచెయ్యీ చూసింది. రాజు చేతిలో రాయి తిరగబడి ఉంది. ఆమె ఆయన వేళ్ళు విప్పి రాయి తిప్పి పెట్టింది. అక్షరాలు కాస్త పైకి లేచినట్టు వెలిగాయి. అది చూసి బళ్ళు ఆగాయి.

గొలుసు పక్కన గొలుసు చేరింది. చివరి నాలుగు రాళ్ళు చేతుల్లోకి వెళ్ళాక ‘రేవు’ అనే మాట తెల్లగా మంచులోకి చొచ్చుకుపోయింది. మంచు కూడా ఊరుకోలేదు. అక్కడక్కడ తెల్లటి ముద్దలు లేచి, వంకరలు తిరిగి, అక్షరం కాలేక చెదిరిపోయాయి. కొమ్ము మీద మనుషులు పళ్ళు కొరుక్కుంటూ వణికారు. ఒక ముసలమ్మ స్పృహ తప్పితే ఆమె కోడలు ఆ చోట నిలబడింది. ఎంతసేపైనా సముద్రం మీద అలికిడి లేదు. రాళ్ళు చేతుల్ని తినేస్తున్నాయి. ఇక వదిలేద్దామని ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ వదలలేదు.

తెడ్డు చప్పుడు మొదట బంగారికి వినిపించింది.

ఒక పడవ మంచులోంచి ముక్కు బయటపెట్టింది. అది మెట్లను తాకగానే మంచు పాతగుడ్డలా నిలువునా చిరిగిపోయింది. దాని వెనక ఒకటి, మరొకటి వచ్చాయి. నాలుగో పడవలో ఎముకల గూడులా పోలయ్య ఉన్నాడు. బంగారి అతని గడ్డం పట్టుకుని, దినం చేసేసిన సంగతి ఏడుస్తూ చెప్పింది. "మంచిదే," అన్నాడు పోలయ్య. "ఆ కూడేటైనా మిగిలిందా?"

అన్ని పడవలూ రాలేదు. సత్తెమ్మ భర్తా కొడుకూ ఎక్కిన పడవ రాలేదు. అందరూ ఒడ్డుకు పరుగెత్తినా ఆమె నల్ల తీగ వదలకుండా కొమ్ము మీదే నిలబడింది. నూకాలు తండ్రిని చూసి వచ్చి, ఆమె పక్కన చేరి, వెచ్చరాళ్ళ గొలుసు మళ్ళీ కట్టింది. బంగారి, వజ్రాంగి వచ్చారు. పోలయ్య తడిబట్టలతోనే మెట్లెక్కి వచ్చాడు. ఇక ఏ పడవా రాదని తెలిసి కూడా, సత్తెమ్మ తనంతట తాను తీగ వదిలేదాకా వాళ్ళు చేతులు పట్టుకునే ఉన్నారు.

మంచు పోయాక రాళ్ళను ఎండలో పెడితే చాలు, మనిషి వేడి అక్కర్లేకుండానే శక్తి నిండేది. వీరభోజుడు నూకాలును రేవుకు పాలకురాలిగా చేశాడు. ఆమె సత్తెమ్మను తన ఇంటికి తెచ్చుకుంది. వజ్రాంగి మాడిన పూసల చోట కొత్తవి పొదిగాడు. మకరపట్నం పడవలు మళ్ళీ సాయంత్రానికి ఇంటికి రావడం మొదలుపెట్టాయి, పిల్లలు చేపల బుట్టలతో ఎదురువెళ్ళారు.