వర్న్ టలీ ఎంగిలి

భూమ్మీద నాకు భయమన్నది తెలియదు. భూమ్మీదే కాదు, దానికి రెండున్నర మైళ్ళ పైన కూడా తెలియదు. విమానం తలుపు తీసి మనుషులు పారాచూట్లతో కిందికి దూకుతుంటే, వాళ్ళకంటే ముందే వెనక్కి తిరిగి దూకి, పడుతూ పడుతూ వాళ్ళ మొహాలు ఫొటోలు తీసేవాణ్ణి నేను. అరిజోనా ఎడారి మొత్తం గాలించినా నా అంత గుండె ఉన్నవాడు దొరకడు. కాకపోతే గ్లాసు అంచున ఇంకొకరి పెదాల మరక కనిపిస్తే ఆ గ్లాసు మళ్ళీ జన్మలో ముట్టను. పక్కవాడు తినే బర్రిటో రొట్టెచుట్టలో వెంట్రుక వచ్చినా సరే, ఆ పూట నేను పస్తే.

నాకు చావంటే లెక్కలేదు. ఎంగిలంటే చచ్చేంత రోత.

ఇలాంటివాడు ఈ పనిలోకి ఎలా వచ్చాడో దేవుడికే తెలియాలి. గాల్లో పడేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు. అవే రెక్కలు, అవే చుక్కాని. అందుకని కెమెరా హెల్మెట్ మీద బిగించి ఉంటుంది. మరి నొక్కేదెలా? నోటితో. చిటికెన వేలంత రబ్బరు ముక్క పళ్ళ మధ్య పెట్టుకుంటాం. దాని వైరు చెంప పక్కనుంచి పాకి పైన కెమెరాలో దూరుతుంది. కొరికితే ఫొటో. దాన్ని నోటి స్విచ్ అంటాం. ఒకడి స్విచ్ ఇంకొకడు ముట్టడు. పళ్ళు తోముకునే బ్రష్షు ఎవడైనా ఎరువడుగుతాడా?

వర్న్ టలీ స్విచ్ సంగతి వేరు. దాన్ని అసలు చూడాలని కూడా ఎవరూ అనుకోరు.

వర్న్ నాకంటే ముందు మేం దూకే ఈ మైదానంలో కెమెరా మోసినవాడు. కింది పెదవి లోపల ఎప్పుడూ పిప్పరమెంటు వాసనేసే తడిపొగాకు కుక్కుకుని, ఖాళీ సీసాలో ఉమ్మేస్తూ ఉండేవాడు. ఆ సీసా ఫొటోలు చూసుకునే గదిలో బల్లమీదే ఉండేది. గోధుమరంగు నీళ్ళు, పైన తెట్టు. ఒకసారి చల్లటి టీ అనుకుని దాని మూత తీశాను. అంతకంటే చెప్పను.

కానీ ఫొటో తీస్తే వర్నే తీయాలి. మా ఓనరు ఆయన్ని అడక్కుండా ఒక ఫొటో హైవే పక్కన పెద్ద బోర్డుకి ఎక్కిస్తే, వర్న్ నిచ్చెన వేసుకుని పోయి దాని అడుగున తారుతో తన పేరు రాసి వచ్చాడు. "నా పంటిగాటు పడితే నా ఫొటో" అనేవాడు. చట్టం కూడా అదే అంటుందట. రాసివ్వనంతవరకూ, ఎవడు నొక్కితే వాడిదే. ఆయన ఎవరికీ రాసివ్వలేదు. నేను మాత్రం చేరినరోజే సంతకం గీకేశాను. నేను తీసిన ప్రతి ముక్కా ఓనరు సొత్తే. ఇన్నేళ్ళుగా నా పేరు కింద ఒక్క ఫొటో లేదు.

వర్న్ దూకి పోలేదు. దవడలో పుండు లేచి పోయాడు. చివర్లో కింది దవడ సగం తీసేశారు. అప్పుడు కూడా వచ్చి దూకేవాడు, ఆ స్విచ్ మిగిలిన పళ్ళవైపు పెట్టుకుని. పోయాక ఆయన హెల్మెట్ ఆ గదిలోనే మేకుకి వేలాడేది. పక్కన వైరు చివర, చచ్చిన తేలులా, ఆ రబ్బరు ముక్క.

ఇక అసలు సంగతి.

ఓపల్ మామ్మ బృందం వచ్చింది. ఎనిమిదిమంది అమ్మమ్మలు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. పొద్దుగూకే వేళ చేతులు పట్టుకుని గుండ్రంగా పడాలి, ఇద్దరి చేతుల సందులో సూర్యుడు కూర్చోవాలి. ఆ ఫొటో కుదిరితే మా ఆటకి ఉన్న పెద్ద పత్రిక ముఖచిత్రంగా వేస్తానన్నాడు, దాని సంపాదకుడు థియో గ్రీర్. అది నా సెలవురోజు, నా సొంత కెమెరా, ఓనరుకి పొత్తు లేదు. మొదటిసారి నా ఫొటో నాది. కింద నా పేరు.

సరిగ్గా అప్పుడే మా మైదానం కుక్క బిస్కెట్ నా స్విచ్ నమిలేసింది.

పారాచూట్లు మడతపెట్టే మార్నీ ఆ ముక్కలు చీపురుతో ఊడుస్తూ ఒకటే నవ్వు. "ఒరేయ్ పిల్లకాకీ, కుక్కకి నీ రుచి నచ్చిందిరా!"

"నవ్వకు మార్నీ. మామ్మలు రేపు పొద్దున్నే వెళ్ళిపోతారు. ఇంకో స్విచ్ ఎక్కడుంది?"

మార్నీ నవ్వు ఆపింది. గది వైపు చూసింది. మేకు వైపు.

"ఛీ," అన్నాను.

"నీ ఇష్టం. కుక్కదా, వర్న్‌దా? ఏదో ఒక ఎంగిలి తప్పదు."

వర్న్ స్విచ్ ఊడదీసి, ఆ రబ్బరు ముక్కని కాఫీ గిన్నెలో వేసి మరగబెట్టాను. నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. పారబోసి మళ్ళీ మరగబెట్టాను. మళ్ళీ అదే రంగు. స్పిరిటుతో తుడిచాను. రబ్బరు మీద లోతుగా పళ్ళ గాట్లు, ఒకవైపే. రెండోవైపు నున్నగా, మెత్తగా, పంటి చిగురులా ఉంది. నొక్కితే వేలికి తడి అంటింది. మార్నీ చూడకుండా ప్యాంటుకి తుడుచుకుని, దాని వైరు నా హెల్మెట్ మీది కెమెరాకి తగిలించాను.

విమానం పైకి ఎక్కుతోంది. లోపల ఇంధనం వాసన, మామ్మల పౌడరు వాసన. కిటికీల్లో ఎండ ఎర్రబడింది. ఓపల్ మామ్మ నా గడ్డం కింద పట్టీ సర్ది, "నాన్నా, నన్ను లావుగా తీశావంటే పైనుంచే తోసేస్తా," అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వి, కళ్ళు మూసుకుని, ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.

నా నోటి వేడి ఇంకా దానికి తగలనే లేదు. అప్పటికే వెచ్చగా ఉంది... ఇంకొకరి నోట్లోంచి ఇప్పుడే తీసినట్టు. నాలుక వెనక్కి లాక్కున్నాను. అది వెంటే వచ్చింది. ముందు పిప్పరమెంటు రుచి. దాని అడుగున మురిగిన పుండు రుచి. నాకు ఆ రుచి ఎలా తెలుసని అడక్కండి. నోట్లో పడితే ఎవరికైనా తెలుస్తుంది.

తలుపు తీశారు. గాలి. దూకాం.

మామ్మలు ఒక్కొక్కరే వచ్చి చేతులు కలుపుతున్నారు. సూర్యుడు కిందికి జారుతున్నాడు. కొరకాలి. ఇప్పుడే కొరకాలి. నా వల్ల కాలేదు. డోకు గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచేశాను. పోతే పోయింది, గాలికి కొట్టుకుపోనీ అనుకున్నాను...

అది పోలేదు.

నా కింది దవడ పైకి లేచింది. నేను లేపలేదు. ఎవరో గడ్డం కింద చెయ్యి పెట్టి నొక్కినట్టు కాదు... లోపలినుంచి. నా పళ్ళ లోపల ఇంకో వరస పళ్ళు ఉన్నట్టు... ఒకవైపే ఉన్నట్టు...

క్లిక్.

నేను కాదు.

క్లిక్. క్లిక్. చెవి పక్కన, తీరుబడిగా. నా మెడ పక్కకి వంగింది. ఒళ్ళు కొద్దిగా కిందికి జారింది. ఆ కోణం నేనెప్పుడూ తీసుకోను. నోట్లోంచి ఏదో కారి చెంప మీదుగా చెవిలోకి పాకుతోంది. పలచగా... గోరువెచ్చగా...

క్లిక్.

పారాచూట్ ఎప్పుడు లాగానో గుర్తులేదు. దిగాక మోకాళ్ళమీద కూలబడి కక్కుకున్నాను. ఓపల్ మామ్మ రుమాలుతో నా చెంప తుడిచి, ఆ మరక చూసి మొహం చిట్లించింది. "ఇంత చిన్న వయసులో నీకూ ఆ పాడు పొగాకేనా నాన్నా?"

గదిలో నల్లటి తెరలు దించి ఫొటోలు తెరిచాం. నేనూ మార్నీ. ఎనిమిది మొహాల్లోనూ చిన్నపిల్లల సంబరం. ఓపల్ మామ్మ చేతికీ పక్కావిడ చేతికీ మధ్య సూర్యుడు, ఎవరో తెచ్చి పెట్టినట్టు. అంత గొప్ప ఫొటో నా జన్మలో చూడలేదు.

మార్నీ గుసగుసగా అంది. "ఇది... ఇది వర్న్ తీసినట్టుంది కదరా."

"నేనే తీశాను," అన్నాను.

నోరు నిండిపోయింది.

లాలాజలం కాదు. చిక్కగా, చేదుగా, పిప్పరమెంటు వాసనతో, మధ్యలో నలుసులు. చేతికందిన కప్పులో ఉమ్మాను. గోధుమరంగు. పైన తెట్టు.

"ఒరేయ్, ఎప్పట్నుంచి మొదలెట్టావురా ఇది?" అంది మార్నీ దూరం జరుగుతూ.

"మొదలెట్టలేదు! ఒట్టు! ఫొటో నేనే..." మళ్ళీ నిండింది. ఈసారి ముక్కులోంచి కూడా వచ్చింది. ఆ మంట, ఆ కంపు... తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడే థియో గ్రీర్ ఫోను చేశాడు. తెరవగానే మేం పంపిన ఫొటో చూశాడట. "ముఖచిత్రం ఖాయమయ్యా! ఒక్కమాట నీ నోటితో చెప్పు. ఇది నువ్వే తీశావు కదా? ఇంకెవరికీ హక్కు లేదు కదా? తర్వాత గొడవలు నా వల్ల కాదు."

మార్నీ కప్పు నా ముందుకి తోసింది.

నేను తెలివైనవాణ్ణి. "కెమెరా నాది," అన్నాను. ఏమీ కాలేదు. "దూకింది నేను." ఏమీ కాలేదు. "హెల్మెట్ కూడా నాదే."

"అవన్నీ నాకెందుకయ్యా? నొక్కిందెవరు?"

"నే..." పంటి సందుల్లోంచి ఊరుతోంది. మింగేసి చెప్పేద్దామనుకున్నాను. ముఖచిత్రం కదా, నా పేరు కదా. మింగాను కూడా. నిజం. ఒక గుక్క గొంతు దిగింది. దాని వెనకే రెండింతలు వచ్చింది. నలుసుల్లో ఒకటి గట్టిగా నాలుకకి తగిలింది. కప్పులో ఉమ్మి చూశాం.

పన్ను ముక్క. నా పళ్ళన్నీ నాకున్నాయి.

"వర్న్ టలీది," అన్నాను ఫోనులో. "ఫొటో వర్న్ టలీది."

నోరు ఒక్కసారిగా ఆరిపోయింది. మంచినీళ్ళు తాగినంత హాయి.

"వర్నా? పోయాడు కదయ్యా?"

"పోయాడు."

"సరే, వాళ్ళ చెల్లెలితో మాట్లాడతాను. మనిషి పోతే హక్కు పోదు కదా. ఆయన పోయాక కూడా డెబ్బై ఏళ్ళు బతికుంటుంది." మామ్మలు ఇదివరకెప్పుడో దూకినప్పటి పాత ఫొటో అనుకున్నాడు పాపం. నేను దిద్దలేదు.

ముఖచిత్రం వచ్చింది. కింద వర్న్ పేరు. మా దగ్గర ఎవరికి ఏది మొదటిసారి జరిగినా అందరికీ పెట్టెడు బీరు పెట్టించాలి. "చచ్చినవాడికి ముఖచిత్రమొస్తే బీరు ఎవడు పోయిస్తాడ్రా?" అని మార్నీ ఏడిపించింది. నేనే పోయించాను. స్విచ్‌ని ఎడారిలో లోతుగా గొయ్యి తీసి పాతేశాను. అంతటితో పోయిందనుకున్నాను.

ఒక్క సంగతి దాచాను. సిగ్గుగా ఉంది, అయినా చెప్పేస్తాను.

పోయిన వారం కారు జోరుగా నడుపుతున్నానని హైవే మీద పోలీసు ఆపాడు. "నీ పేరేంటి?" అన్నాడు. చెప్పాను. మా అమ్మ పెట్టిన పేరే చెప్పాను. పూర్తిగా బయటికి రాకముందే నోరు నిండి చొక్కా మీద కారింది, ఆయన బూట్ల మీద పడింది. ఆయన వెనక్కి గెంతి ఛీ ఛీ అంటున్నాడు. తుడుచుకుని మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే.

మూడోసారి, ఎందుకో, ఇంకో పేరు చెప్పి చూశాను. "వర్న్ టలీ."

నోరు శుభ్రంగా ఉంది.