నూకరాజు గారి పదకొండు నిమిషాలు

"ఎర్ర లైటు వెలిగాకే కొట్టాలి నూకరాజు గారూ. వెలగకముందు కొట్టకూడదు" అంది డాక్టర్ శార్వాణి, మూడోసారి.

"ఎలిగేదాకా ఆగితే అవతలోడు ఊరుకుంటాడేటి మేడమ్?" అన్నాడు నూకరాజు, వెలగని లైటుని మరోసారి గుద్దుతూ.

అది 2063వ సంవత్సరం. విశాఖపట్నంలో రుషికొండ మీద క్రీడాశాస్త్ర ప్రయోగశాల. మైలపల్లి నూకరాజుకి నలభై రెండేళ్లు. రేవులో క్రేన్ నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా బాక్సింగ్ రింగులో ఉన్నాడు. ముక్కు రెండుసార్లు విరిగింది, ఒక్కసారే సరిగ్గా అతుక్కుంది. అతనిలో ఇంకా పస ఉందా లేదా అన్నది రేవు దగ్గర టీ కొట్లలో నిత్యం నడిచే వాదన. అతని భార్య అచ్చియ్యమ్మ అయితే పొద్దున్న లేదనేది, సాయంత్రం మనసు కరిగి ఉందనేది.

నూకరాజుకి భయమన్నది తెలియదని చెప్పుకుంటారు గానీ, అది అబద్ధం. అతనికి శాలువా అంటే భయం.

ఉత్తర కోస్తా బాక్సింగ్ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇక చాలించు అని ఏ బాక్సర్‌కీ మొహం మీద చెప్పరు. ఓ సభ పెడతారు, దండ వేస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. ఆ ఫొటో కంప్యూటర్‌లోకి ఎక్కితే చాలు, ఆ మనిషి పేరు పక్కన 'రిటైర్డ్' అని పడిపోతుంది. నూకరాజు కళ్లముందే ఐదుగురికి అలా శాలువాలు పడ్డాయి. తనకీ మూడేళ్లుగా కప్పాలని చూస్తున్నారు. ఒకసారి కడుపునొప్పి అన్నాడు, ఒకసారి బావమరిదికి కాలు విరిగిందన్నాడు. ఆ బావమరిది నిక్షేపంగా ఫుట్‌బాల్ ఆడుతూ దొరికిపోయాడు.

చివరికి సంఘాధ్యక్షుడు పిన్నింటి వరాహమూర్తి గారు కొత్త రూలు తెచ్చారు. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. జన్మలో గ్లవ్ తొడగలేదు గానీ మైకు వదిలిన రోజు లేదు. "ఇకమీదట సిఫారసులు లేవు. డాక్టర్ శార్వాణి గారి ప్రైమ్ పట్టీయే లైసెన్సు ఇస్తుంది, అదే తీసేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పడకూడదు" అని ప్రకటించారు. బౌటు, అంటే పోటీ ఉన్న రోజున పట్టీ కట్టుకుని స్టేడియంలోకి వచ్చినవాళ్లలో అంకె ఎనభై దాటినవాళ్లకి, బౌటు ముగియగానే లైసెన్సు దానంతటదే ఫోనుకి వస్తుంది. రింగులో సగటు ఎనభై కంటే తగ్గితే దానంతటదే రద్దవుతుంది. బౌట్లు కూడా కంప్యూటరే వేస్తుంది.

పట్టీ సంగతి కూడా చెప్పుకోవాలి. చూడ్డానికి మామూలు వాచీలా ఉంటుంది. చర్మం మీదనుంచే నరానికి చీమ కుట్టినంత కరెంటు పంపి, జవాబు ఎంత త్వరగా వచ్చిందో చూస్తుంది. కండరంలో ఆక్సిజన్ లెక్క చూస్తుంది. మీ శరీరం గరిష్ఠంగా ఎంత చేయగలదో అందులో ఈ క్షణాన ఎన్ని వంతులుందో నూటికి ఇంత అని చెబుతుంది. పక్కవాడితో పోలిక ఉండదు, మీతో మీకే.

శార్వాణి వారం రోజుల గ్రాఫుని గోడ మీద చూపించింది. "వయసుతో ప్రైమ్, అంటే ఒంట్లో పూర్తి సత్తా ఉండే సమయం, పోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాం. పోదు, కుదించుకుపోతుంది. ఇరవై ఏళ్లప్పుడు రోజంతా ఉంటుంది. తర్వాత కొన్ని గంటలు. మీకు రోజూ సాయంత్రం ఐదూ పదికి మొదలై, ఐదూ ఇరవై ఒకటికి అయిపోతోంది."

"అంటే ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు."

నూకరాజు వేళ్ల మీద లెక్కేశాడు. మూడు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. మధ్యలో రెండు విరామాలు, నిమిషం చొప్పున. మొత్తం పదకొండు. అతను శార్వాణిని ఎత్తి గిరగిరా తిప్పబోయి, పెద్ద చదువు చదివిన మనిషని గుర్తొచ్చి, పక్కనున్న పంచింగ్ బ్యాగుని కౌగిలించుకున్నాడు.

కబురు ఊరంతా పాకింది. నెల తిరిగేసరికి విశాఖ మారిపోయింది. ఆఫీసుల్లో గుమాస్తాలు 'నా ప్రైమ్ 11.10 నుంచి 11.40' అని బల్లల మీద బోర్డులు పెట్టుకుని, మిగతా సమయమంతా ఆ అరగంట కోసం నిరీక్షించసాగారు. పెళ్లిచూపులు పిల్లాడి ప్రైమ్‌లోనా, పిల్ల ప్రైమ్‌లోనా అని రెండువైపులా తగువులు పడ్డాయి. "ఇది ముహూర్తం కాదండీ, సైన్సు!" అని శార్వాణి టీవీలో మొత్తుకుంది. "అలగే గానీ మేడమ్, మా బుడ్డోడి అన్నప్రాసనకి ఏ టైం మంచిది?" అని ఫోన్లు వచ్చాయి.

బౌటు ఖాయమైంది. ఆదివారం సాయంత్రం ఐదూ పదికి. అవతల హేమంత్, ఇరవై ఒక్క ఏళ్లవాడు, రాష్ట్ర ఛాంపియన్. ఓడినా ఫరవాలేదు గానీ సగటు తగ్గితే నూకరాజుకి రింగే ఉండదు.

"ఐదూ పది అంటే పదికేనండి" అని అతను వరాహమూర్తి గారికి నాలుగుసార్లు చెప్పాడు.

"ఒరే నూకరాజూ, నేనుండగా నీకెందుకురా బెంగ!" అన్నారాయన. నూకరాజుకి అసలు బెంగ అప్పుడే మొదలైంది.

ఆదివారం స్టేడియం కిటకిటలాడింది. ఐదు కొట్టేసరికి హేమంత్ ఎగురుతూ, గాల్లోకి గుద్దులు విసురుతూ రింగు పక్కన సిద్ధం. నూకరాజు పట్టీ మీద అంకె డెబ్బై దాటి పైకి పోతోంది. ఐదూ ఎనిమిదికి వరాహమూర్తి గారు వేదికెక్కారు. ఫొటోలో బావుంటుందని తనూ ఓ పట్టీ కట్టుకున్నారు. "రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టారు.

మొదటి మాట బాక్సింగ్ పుట్టుక దగ్గర మొదలై ఐదూ పద్నాలుగుకి విశాఖ చేరింది. నూకరాజు మణికట్టు వైపు చూసుకున్నాడు. తొంభై ఆరు చూపిస్తోంది పట్టీ. చేతులు వాటంతటవే కదులుతున్నాయి, హాల్లో ఎగిరే ప్రతి ఈగా విడివిడిగా కనిపిస్తోంది. ఇంత ఒంటిని పెట్టుకుని కుర్చీలో కూర్చోవడమా!

"ఇప్పుడు మన ప్రియతమ యోధుడికి చిన్న సన్మానం!" అన్నారు వరాహమూర్తి గారు. సైన్సు మెచ్చిన మనిషిని సన్మానించకుండా ఎలా వదులుతారు? నూకరాజు పైకెళ్లాడు. ఎర్ర అంచు శాలువా విప్పుకుంది.

శాలువా భుజాల మీదికి వచ్చింది. అక్కడ భుజాల్లేవు. నూకరాజు ఎడమకి జారాడు. వరాహమూర్తి గారు నవ్వి మళ్లీ విసిరారు. అతను కుడికి వంగాడు. మూడోసారి గురిచూసి వేస్తే కిందనుంచి దూరి అవతల లేచాడు. శాలువా వెళ్లి మైకు స్టాండ్ మీద పడింది. జనం ఈలలతో పైకప్పు లేపేశారు. పట్టీ మీద తొంభై ఎనిమిది.

మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. రెండో మాట నడుస్తూనే ఉంది. ఐదూ ఇరవై. ఇరవై ఒకటి. అంకె మెట్లు దిగినట్టు దిగింది. తొంభై, ఎనభై, అరవై ఐదు. నూకరాజుకి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్లు కాపాడుకున్న ఒళ్లు శాలువాతో కుస్తీకి ఖర్చయిపోయింది.

"పోనీ మావా" అంది అచ్చియ్యమ్మ వెనక వరసలోంచి వంగి. "ఎలాగా అయిపోనాది. కాసేపు తొంగో."

ఆ మాట బాగానే తోచింది. బూట్ల లేసులు వదులు చేసుకుని, మెడ కుర్చీకి ఆనించి, నాలుగు నిమిషాల్లో గురక పెట్టాడు. ఇరవై రెండేళ్లలో అతను బౌట్ల కంటే ఉపన్యాసాలే ఎక్కువ చూశాడు మరి. హేమంత్ మాత్రం ఇదిగో అయిపోతుంది, అదిగో అయిపోతుందని ఎగురుతూనే ఉన్నాడు. పొద్దున్న బరువు చూస్తారని ముందురోజు నుంచీ సరిగ్గా తినలేదు కూడా.

ఉపన్యాసం ఆరూ రెండుకి ముగిసింది. అచ్చియ్యమ్మ తట్టి లేపింది.

బౌటు పెద్ద అందంగా ఏమీ సాగలేదు. హేమంత్ మొదటి రౌండు దులిపేశాడు. రెండో రౌండుకి వాడి గుద్దుల్లో వేగం పడిపోయింది. నూకరాజు తాపీగా తాడుకి ఆనుకుని, వాడిని గుద్దనిచ్చి, అలిసినప్పుడల్లా ఒకటి తగిలించాడు. మూడో రౌండులో వాడి చేతులు పైకి లేవలేదు. తీర్పు నూకరాజుకే.

హాలు ఇంకా చప్పట్లు కొడుతుండగానే రెండు ఫోన్లు మోగాయి. నూకరాజు సగటు అరవై ఒకటి, లైసెన్సు రద్దు. హేమంత్ సగటు యాభై ఎనిమిది, వాడిదీ రద్దు.

"ఇరవై ఒక్క ఏళ్లకే నా పని అయిపోయిందా అన్నా?" అని వాడు నూకరాజు భుజం మీద పడి గొల్లుమన్నాడు.

శార్వాణి పరుగెత్తుకొచ్చింది. "యంత్రం తప్పు చెప్పలేదు నూకరాజు గారూ. మీరు ప్రైమ్‌లో లేరు. అయినా గెలిచారు. ఎలాగో నాకు అర్థం కావడం లేదు."

"ఈడికి కొట్టడం బాగా తెలుసు మేడమ్. కూకోడం తెలీదు" అన్నాడు నూకరాజు. శార్వాణి ఆ ముక్క రాసుకుంది.

అప్పుడు వేదిక మీద మూడో ఫోను మోగింది. వరాహమూర్తి గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఐదూ నలభైకి, మైకు చేతిలో ఉండగా, ఆయన శరీరం తొంభై ఏడు చూపించిందట. అభినందనలు. బాక్సింగ్ లైసెన్సు మంజూరు. మొదటి బౌటు వచ్చే ఆదివారం, ప్రత్యర్థి అనకాపల్లి గజపతి, నూట నాలుగు కిలోలు.

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఇది ఆపండి" అన్నారు శార్వాణితో.

"మధ్యలో మనిషి చెయ్యి పడకూడదన్నారు కదండీ" అంది శార్వాణి, పాపం అమాయకంగానే.

ఆయన నూకరాజు వైపు తిరిగారు. "ఒరే, ఏదైనా దారి చెప్పరా!"

"రూలు మీదే గదా సార్. మీరే తీసీండి. మా ఇద్దరి లైసెన్సులూ మాకు ఇచ్చీండి."

వరాహమూర్తి గారు మైకు అందుకున్నారు. "రూలు రద్దు, అందరూ పాత లైసెన్సులతోనే ఆడతారు" అన్నారు. మైకు కింద పెట్టేశారు. ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మరి నా బౌటో?" అన్నారాయన గొంతు తగ్గించి. "అది కంప్యూటర్ వేసేసిందిగా!"

నూకరాజు మైకు స్టాండ్ మీదనుంచి ఎర్ర అంచు శాలువా తీసి, దుమ్ము దులిపాడు. "దానికి మన ఆనవాయితీ ఉంది గదా సార్. ఏ బౌటైనా ఆగిపోద్ది."

రెండు చేతులా శాలువా విప్పి ఆయన భుజాల మీద కప్పాడు. వరాహమూర్తి గారు తప్పించుకోలేదు, ఆ కిటుకు ఆయనకి తెలియదు. అచ్చియ్యమ్మ ఫోనుతో ఫొటో తీసింది.