బెల్లంపాకం బిరడా

చింతలంకలో పొగగొట్టాలన్నీ తలకిందులై చాలాకాలమైంది. ఇడ్లీ పొయ్యి మొదలు ఇటుకబట్టీ వరకు ప్రతి పొగా గొట్టంలో పడి భూమిలోకి దిగాల్సిందే. ఊళ్లో పొగ పోయింది, పొగరు మాత్రం మిగిలింది. ఎవరికైనా పొగబెట్టాలన్నా పాతాళం దాకా వెళ్లాలి.

ఆ పాతాళానికి కాపలా మందాకిని, పొగలోని బొగ్గుగాలిని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, దాచే నిల్వకేంద్రం ఇంజనీరు. ఊరి కింద కొత్త రాతిపొరలోకి ఆ ఉదయమే గాలి ఎక్కిస్తున్నారు. అది పైకి తన్నుకురాకుండా అడ్డున్నది ఒక్కటే: పాత గ్యాస్ బావి గొంతులో ఆమె పోయించిన సిమెంటు బిరడా. బొగ్గుగాలి నీటితో కలిస్తే ఆమ్లమై సిమెంటును కొరుక్కు తింటుంది. ఆ పులుపుకు వెయ్యేళ్లు తట్టుకునేలా మందాకిని లెక్క కట్టింది. పైగా బిరడాకు పగులుచెవి అనే యంత్రం తగిలించారు. వెంట్రుకవాసి చీలిక వచ్చినా ఆ చిటపట విని చెబుతుంది. అది వచ్చాక బిరడాను బరువుతో నొక్కిచూడటం మానేశారు. చెవి ఉండగా చెయ్యెందుకన్నారు.

“నిశ్శబ్దం. క్షేమం,” అంది పగులుచెవి.

బావిమూతి చుట్టూ నడుములోతు గుంట. మందాకిని తండ్రి గన్నెయ్య, పని మానేసిన తాపీమేస్త్రి, ప్రారంభానికి కొట్టే కొబ్బరికాయతో అందులోకి దిగాడు.

“ఇన్ని చీమలేంటి నాన్నా?” గట్టు మీంచి అడిగింది.

“ఎందుకు రావూ? పాకం ఒలికింది కదా.”

“ఏం పాకం?”

“బెల్లం పాకమే! సిమెంటు కలిపిన తొలిరోజున నువ్వు ఆఫీసర్లతో మాట్లాడతన్నావు. రెండు బిందెలు కాచి తెచ్చి డ్రమ్ములో పోసేశాను. మా తాత సున్నంలో బెల్లం పోసి కట్టిన గోడ గునపానికి లొంగలేదే అమ్మడూ! నా కూతురి బావికి ఆమాత్రం చెయ్యలేనా?” మీసం దువ్వాడు.

సున్నానికి బలమిచ్చే బెల్లమే సిమెంటుకు శత్రువు. తీపి తగిలితే గడ్డకట్టదు. పులుపుకు లెక్క కట్టిన మనిషి తీపికి కట్టలేదు. బావి గొంతులో ఉన్నది బిరడా కాదు, జావ.

ఫోనందుకుంది. “రాజుగారూ, గాలి ఆపండి!”

కేంద్రంలో మీట దగ్గరున్న సూరపరాజు నవ్వాడు. “ఎందుకండీ మేడమ్? చెవిలో చప్పుడే లేదండి.”

“గట్టిపడనిది పగలదండీ! పగలనిది చప్పుడెలా చేస్తుంది? ఆపండి! ఊరోళ్లని గట్టెక్కమనండి!”

అవతల నవ్వు ఆగింది. మీట పడింది. “ఆపేశానండి. కానీ ఇప్పటికే చాలా ఎక్కేసిందండి...”

మందాకిని వెనక్కి తిరిగింది. బారుగా సాగుతున్న చీమలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. బొగ్గుగాలి కంటికి కనపడదు. మామూలు గాలికంటే బరువు, పల్లంలో నీళ్లలా నిలుస్తుంది.

“పాపం, నిద్రపోయాయే,” అంటూ చీమల మీదికి వంగాడు గన్నెయ్య. వంగినవాడు వంగినట్టే మెల్లగా కూలబడ్డాడు. కొబ్బరికాయ చేతిలోంచి దొర్లింది.

“నాన్నా!”

ఆ కేకతో ఖాళీ అయిన గుండెల్ని మళ్లీ గాలితో నింపుకుని, బిగబట్టి, మందాకిని గుంటలోకి దూకింది.

పగులుచెవి ఆ కేకను విన్నది. కాసేపు తూచింది.

“శబ్దం వినిపించింది. పగులు కాదు. క్షేమం.”